టెంక తీసి చూడాల్సిన గది అద్దె

ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఖరీదైన ఊళ్లో చవకగా గది దొరికిందంటే అది మురికిదైనా అయ్యుండాలి, మోసమైనా అయ్యుండాలని హోసూరు, కృష్ణగిరి వైపు చాలామంది నమ్మకం. మన గులాబీలు ప్రేమికుల రోజుకి విదేశాలకు వెళ్తాయి, ప్రపంచంలోకెల్లా పెద్ద పూల వేలం జరిగే ఆల్స్‌మేర్ ఆ నగరం పక్కనే ఉంది. పూల పని మీదో, అక్కడ చదువుకునే పిల్లల్ని చూడడానికో వెళ్లేవాళ్లు ఈ భయంతో స్టార్ హోటల్‌కు డబ్బు పోస్తారు, లేదంటే ఊరవతల గది పట్టుకుంటారు. నిజానికి చవకైన చిన్న గెస్ట్‌హౌస్‌లో తగ్గేది శుభ్రం కాదు, సౌకర్యాలు. ఏవి తగ్గాయో తెలిస్తే, అవి మనకు కావాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు.

కృష్ణగిరిలో తోతాపురి కొనే గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు కాయ బరువు ఒక్కటే చూడరు, తొక్కా టెంకా పోను గుజ్జు ఎంత దిగుతుందో చూస్తారు. తినడానికి బంగినపల్లి రుచే వేరు కావచ్చు గానీ ఫ్యాక్టరీకి కావలసింది కండ. గది అద్దె కూడా అలాగే చూడాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి అద్దె మీద పర్యాటక పన్ను 12.5 శాతం. బస మీద వ్యాట్ 9 శాతం ఉండేది, 2026 జనవరి నుంచి 21 అయింది. అసలు అద్దె 100 యూరోలైతే మన చేతి నుంచి పోయేది 133.50. ఇది తొక్క. టెంక ఇంకా గట్టిది. పాత హోటల్ ఒకటి మూతపడితే తప్ప కొత్తదానికి అనుమతి లేదని నగరం 2024లో తేల్చేసింది. సొంత ఇల్లు పర్యాటకులకు ఇచ్చేవాళ్లకైతే 2019లోనే ఏడాదికి 30 రాత్రులని హద్దు పెట్టింది. గదులు పెరగవు, వచ్చేవాళ్లు తగ్గరు. ఎంత బేరమాడినా ఈ టెంక కరగదు. కాబట్టి చిన్న గెస్ట్‌హౌస్ యజమాని ధర తగ్గించాలంటే లిఫ్టు, సొంత బాత్‌రూము, రాత్రంతా కౌంటర్లో మనిషి, వీటిలోంచే తగ్గించాలి.

అక్కడి కాలువల పక్క పాత ఇళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మెట్లు దాదాపు నిచ్చెనంత నిటారు. బీరువాలు, మంచాలు ఆ మెట్ల మీద ఎక్కవు కనుక ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి ఇనుప కొక్కెం పెట్టారు. తాడు కట్టి సామాను పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు. అలాంటి ఇంట్లో లిఫ్టు లేదంటే అది యజమాని పిసినారితనం కాదు, పెట్టడానికి చోటే లేదు. పై అంతస్తు గదిలో వాలు కప్పు కింద మంచం ఒక్క దిక్కునే పడుతుంది. ఉత్తరానికి తల పెట్టకూడదని దిగులుపడేవాళ్లకు ఒకటే మాట: ఆ భయానికి ఏ ఆధారమూ లేదు, హాయిగా పడుకోండి. ఉమ్మడి బాత్‌రూము అంటే ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. 72 బెర్తుల స్లీపర్ బోగీలో నాలుగు మరుగుదొడ్లతో రాత్రంతా ప్రయాణం చేసే మనకు, మూడు నాలుగు గదులకు ఒకటి ఉండడం కష్టమేమీ కాదు.

అంత ఇరుకెందుకు, దూరంగా పెద్ద గదే తీసుకోవచ్చుగా అంటారు. అద్దె తక్కువని హోసూరులో ఉంటూ రోజూ అత్తిబెలె దాటి బెంగళూరుకు పోయేవాళ్లను అడగండి, మిగిలిన అద్దె టోలుకు, పెట్రోలుకు, పొద్దుటి నిద్రకు ఎలా పోతుందో చెప్తారు. అయితే కిలోమీటర్లు లెక్క కాదు, స్టేషను నుంచి నడక లెక్క. రైలు స్టేషను పక్కనే గది దొరికితే ఆమ్‌స్టర్‌డామ్ పక్క ఊరైన జాండమ్‌లో దిగినా నష్టం లేదు. కొన్ని ఊళ్లలో ప్రయాణ ఖర్చు విడిగా పెట్టుకోనక్కర్లేదు: స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో గది తీసుకున్నవాళ్లకు ట్రాములు, బస్సులు ఉచితం.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ మెట్లు పనికిరావు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే గది ఏ అంతస్తులో ఉందో, లిఫ్టు ఉందో లేదో ముందే రాసి అడగండి. జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.