పీచుపదార్థంతో పెద్దపేగు కణాలలో మార్పు: రెండు వారాల ప్రయోగం తెలిపినదేమిటి?

పెద్దపేగు లోపలి పొరలోని కణాలు కొద్ది రోజులకే రాలిపోయి, వాటి స్థానంలో కొత్త కణాలు చేరుతుంటాయి. కణవిభజన జరిగే సమయంలో జన్యుపదార్థాన్ని దెబ్బతీసే క్యాన్సర్ కారకాలు తగిలినట్లయితే ఆ లోపం కొత్త కణాలకు సంక్రమించే ప్రమాదం ఉంది. విభజన పెరిగేకొద్దీ ఈ ముప్పు కూడా పెరుగుతుంది.

ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పీచు అధికంగా భుజించే ఆఫ్రికా గ్రామీణులలో పెద్దపేగు క్యాన్సర్ అరుదని 1971లో వివరించారు. పీచు మలాన్ని త్వరగా బయటకు పంపి, హానికర పదార్థాలు పేగు గోడను తాకే వ్యవధిని తగ్గిస్తుందని ఆయన భావించారు. తదుపరి పరిశోధనలలో మరొక అంశం వెలుగు చూసింది. పేగులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినపుడు బ్యూటిరేట్ అనే పదార్థం ఉత్పత్తి అవుతుంది. ఇది ఆరోగ్యకరమైన పేగు కణాలకు ప్రధాన ఇంధనం కాగా, ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకోవడం గమనార్హం. మరోవైపు, కొవ్వు అధికమైన ఆహారం వలన విడుదలయ్యే పిత్త ఆమ్లాలను అవే సూక్ష్మజీవులు హానికర రూపంలోకి మారుస్తాయి.

ఈ అంశాలను మనుషులలో పరిశీలించిన ప్రయోగ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అమెరికాలోని 20 మంది ఆఫ్రికన్ సంతతి వారికి, దక్షిణాఫ్రికా గ్రామీణులు 20 మందికి రెండు వారాలపాటు ఒకరి తరహా ఆహారం మరొకరికి అందించారు. అమెరికన్లకు పీచు రోజుకు 14 గ్రాముల నుండి 55 గ్రాములకు పెరగగా, ఆఫ్రికన్లకు 66 నుండి 12 గ్రాములకు తగ్గింది. అమెరికన్లలో బ్యూటిరేట్ పెరిగి, కణవిభజన సూచికలు తగ్గాయి. ఆఫ్రికన్లలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగింది.

అయితే 'పీచు తింటే క్యాన్సర్ రాదు' అనే శీర్షికకు ఈ ఫలితం ఆధారం కాజాలదని పాత్రికేయ మిత్రులు గమనించగలరు. రెండు వారాలలో మారినవి సూచికలు మాత్రమే. పేగులోని చిన్న కంతి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, అంతకు మించి పడుతుంది. 2000లో అమెరికాలో ప్రకటించిన రెండు పెద్ద ప్రయోగాలలో, కంతులు తొలగించిన వారికి మూడు, నాలుగేళ్లపాటు పీచు అధికంగా ఇచ్చినప్పటికీ కొత్త కంతులు తగ్గలేదు. కాగా 2011లో అనేక అధ్యయనాలను క్రోడీకరించినపుడు, అదనంగా తీసుకునే ప్రతి 10 గ్రాముల పీచుకు ముప్పు సుమారు 10 శాతం తక్కువగా కనిపించింది.

ఉప్పు, పొగ వంటి పద్ధతులతో నిల్వచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో వర్గీకరించింది. పొగాకు కూడా ఇదే వర్గంలో ఉన్నదే గాని, రెండింటి ముప్పు సమానమని దీని అర్థం కాదు. వర్గీకరణ తెలిపేది ఆధారాల బలాన్నే.

పెద్దలకు ఆహారం ద్వారా రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. మలంలో రక్తం కనిపించినవారు మాత్రం ఆహారం మార్చి వేచి చూడక వెంటనే వైద్యుని సంప్రదించవలసి ఉంటుంది.