అంచెటపాకు ద్వారరక్షణ : మెయిలు సర్వరును పరులపాలు కాకుండ కాపాడుకొను విధము

'అంచె' యనునది తెలుగున పాతమాట. ఒక మజిలీవాడు తెచ్చిన సంచిని మరియొక మజిలీవాడు అందుకొని, చేతినుండి చేతికి టపాను సాగించు నేర్పాటునకు అది పేరు. మైసూరు సీమలో ప్రభుత్వపు టపాకును 'అంచె' యనియే పేరుండెను. తిరువాన్కూరున 'అంచల్' అను పేర నడచిన శాఖ 1951లో భారత తపాలాశాఖయందు చేరిపోయెను. సంచిని త్వరగా ముందునకు చేర్చుటయే అంచెవాని ధర్మము. లోపలి జాబు ఎవరు వ్రాసిరని విచారించుట వాని పని కాదు. నేటి ఈ-మెయిలు సర్వరులును చిరకాలము ఈ ధర్మమునే పాటించినవి. ఆ మంచితనమే వానికి చేటు తెచ్చినది. ఆ చేటెట్టిదో, దానిని వారించు మార్గమేదో వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ-మెయిలు నడచు నిబంధనలకు ఎస్.ఎం.టి.పి. అని పేరు. జోనథన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు 1982లో వీనిని ఆర్.ఎఫ్.సి. 821 అను పత్రమున క్రోడీకరించెను. సర్వరు జాబు నందుకొని, చిరునామా చివరనుండు డొమైను పేరు చూచి, ఆ డొమైను టపాను స్వీకరించు సర్వరేదో డి.ఎన్.ఎస్. అను పేర్ల పట్టికవలన తెలిసికొని, దానికి అందించును. తొలిదినములలో కంప్యూటర్ల మధ్య సంబంధములు తరచు తెగుచుండెడివి. అందుచేత తనది కాని జాబునైనను అందుకొని ముందునకు పంపుట ఇరుగుపొరుగు మర్యాదగా నుండెను. ఎవరి జాబునైనను ఎవరికైనను చేర్చునట్టి సర్వరును 'ఓపెన్ రిలే' యందురు. తెలుగున 'తెరచిన అంచె' యనవచ్చును.

1978 మే నెలలో అమెరికాలోని ఒక కంప్యూటర్ల సంస్థ ఉద్యోగి ఆర్పానెట్టుపై సుమారు 400 మందికి ఒక్కమారుగా వ్యాపారప్రకటన పంపెను. అడుగనివారికి గుంపుగా పంపు జాబులలో ఇది మొదటిదని చెప్పుదురు. 1990లలో ఇంటర్నెట్టు వ్యాపారులకు తెరువబడిన పిమ్మట ఇట్టి స్పాము జాబులు వెల్లువయ్యెను. వానిని పంపువారికి తెరచిన అంచె మూడు విధముల లాభకారి. జాబు ఒక్క ప్రతిని, వందల చిరునామాల పట్టికను ఇచ్చిన చాలును. పంచు భారమంతయు అంచె యజమానిది. జాబు ఆ సర్వరునుండి వచ్చినట్లే తోచుటచే అసలు పంపినవాని జాడ మరుగుపడును. ఫిర్యాదులును నిందయు యజమానికే చేరును. ఒకరు భుజించిన విస్తరి మరియొకరు ఎత్తినట్లగును.

దీనికి ప్రతిక్రియగా 1997లో పాల్ విక్సీ మొదలగువారు స్పామునకు తావిచ్చు సర్వరుల నిషేధపట్టికను నెలకొల్పిరి. 1998లో వెలువడిన సెండ్‌మెయిల్ 8.9, పరులకు అంచె కాకుండుటనే సహజస్థితిగా నుంచినది. 1999 ఫిబ్రవరిలో స్వీడను దేశీయుడగు లిండ్‌బర్గు వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 2505, అనుమతిలేని అంచెను సర్వరులు నిరాకరింపగలిగి యుండవలెనని విధించినది.

ఇంత దూరపు విషయముతో ఆండిపట్టివారికేమి పని యని చదువరులు సందేహింపవచ్చును. 1996లో మధుర జిల్లానుండి విడిపడిన తేని జిల్లాలో, కనుమకు పడమట నున్న ఈ ప్రాంతమున తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా వ్యవసాయముతోను, చేనేతతోను జీవించుచున్నవి. పిల్లలు చదువులకును ఉద్యోగములకును చెన్నై, బెంగుళూరు, విదేశములు చేరిరి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒక్కొక్క తరగతిగా సాగి 2016నాటికి పదవతరగతిని తాకినప్పుడు, అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు మినహాయింపునకై విజ్ఞప్తులపై విజ్ఞప్తులు పంపవలసివచ్చెను. ఇట్టి సంస్థ యొకటి తన పేర డొమైను నుంచుకొని సొంత సర్వరు నడపుచున్నదనుకొందము. తలుపు గడియలేక, ఒక రాత్రి ఆ సర్వరు వేలకొలది మోసపు జాబులకు అంచెయైనచో, మరునాటికి దాని పేరు నిషేధపట్టికల కెక్కును. పిమ్మట విద్యాశాఖకు వ్రాసిన విజ్ఞప్తి తిరిగివచ్చును, లేదా చెత్తజాబుల అరలో పడి చదువబడకయే పోవును. తిరిగివచ్చినది తెలియును, అరలో పడినది పంపినవారికి తెలియనే తెలియదు. గడువు దాటిన పిమ్మట ఎంత వగచినను ఫలము లేదు.

నివారణసూత్రము సులభము. సర్వరు ప్రతి జాబుకును రెండు ప్రశ్నలు వేయవలెను: చేరవలసినవాడు మనవాడా? పంపువాడు మనవాడని రుజువైనదా? బయటినుండి మనవారికి వచ్చినది స్వీకరింపవలెను. మనవారు మనవారికి గాని బయటివారికి గాని పంపునది, రుజువు చూచి స్వీకరింపవలెను. బయటివాడు బయటివానికి పంపునది నిరాకరింపవలెను. రెండు ప్రశ్నలకును 'కాదు' అని వచ్చిన ఈ కడపటి సందర్భమే అంచెచౌర్యము.

ఇచ్చట 'రుజువు' అను మాట ముఖ్యము. కవరుపై పంపువాని పేరు ఎవరైనను ఏదైనను వ్రాయవచ్చును, ఈ-మెయిలునందును అంతే. కావున పంపువాని చిరునామాలో మన డొమైను పేరున్నదని అనుమతించుట గడియలేని తలుపే. రుజువులు రెండే: మన కార్యాలయపు యంత్రమునుండి వచ్చుట, లేదా పాస్‌వర్డు చెప్పుట.

వీట్స వెనెమా రచించిన పోస్ట్‌ఫిక్స్ అను సర్వరు ప్రోగ్రామును ఉదాహరణముగా గైకొందము. దానిలో 'మైనెట్‌వర్క్స్' అను పంక్తి నమ్మదగిన యంత్రముల పట్టిక. ఇందు సర్వరు స్వీయసంఖ్యయగు 127.0.0.1ను, అవసరమైన కార్యాలయపు యంత్రములను మాత్రమే వ్రాయవలెను. సౌకర్యమునకై ఇంటర్నెట్టు నిచ్చు సంస్థయొక్క సంఖ్యల వరుసనంతటిని చేర్చినచో, ఊరివారందరికి తాళపుచెవి ఇచ్చినట్లే. 2013లో వచ్చిన 2.10 కూర్పునుండి అంచె నియమములకు ప్రత్యేకపట్టిక కలదు. అందలి వరుస ఇది: నమ్మిన యంత్రములకు అనుమతి, పాస్‌వర్డు చెప్పినవారికి అనుమతి, మిగిలినవారి జాబు మన డొమైనునకు కానిచో నిరాకరణ. ఈ మూడవది లేనిచో మొదటి రెండును వ్యర్థములు.

పోర్టుల విభజనయు అవసరము. 25వ పోర్టు సర్వరుకు సర్వరుకు నడుమ టపా మార్పిడికి. మనవారు జాబులు వేయుటకు 1998లో 587వ పోర్టు ప్రత్యేకింపబడినది. గుప్తలిపి ఆరంభము కాకమునుపు పాస్‌వర్డు అడుగరాదు. అడిగినచో దారిలో వినువారికి అది దొరకును. మొదటినుండియే గుప్తలిపితో నడచు 465వ పోర్టును 2018నాటి ఆర్.ఎఫ్.సి. 8314 సిఫారసు చేసినది.

అంచె మూసిన పిమ్మటను మూడు దొడ్డిదారులు మిగులును. మొదటిది, దొంగిలింపబడిన పాస్‌వర్డు. దానితో వచ్చినవానిని సర్వరు మనవాడనియే నమ్మును. అందుచేత పాస్‌వర్డులు దీర్ఘముగా నుండవలెను. ఒక్కొక్కరు గంటకు పంపదగిన జాబులకు పరిమితి విధింపవలెను. సంస్థను విడిచిపోయినవారి ఖాతాలు మూయవలెను. రెండవది, వెబ్‌సైటునందలి 'మాకు వ్రాయుడు' అను పత్రము. చేరవలసిన చిరునామాను వ్రాయువాడు మార్చుటకు వీలున్నచో అదియు తెరచిన అంచెయే. మూడవది, లేని చిరునామాకు వచ్చిన జాబును మొదట స్వీకరించి, తరువాత తిప్పిపంపుట. పంపువాని పేరు దొంగపేరైనచో ఆ తిరుగుజాబు నిరపరాధి నెత్తిన పడును. కావున లేని చిరునామాను ద్వారమువద్దనే తిరస్కరింపవలెను.

డొమైను పేరును దొంగ వాడకుండుటకు ఎస్.పి.ఎఫ్., డి.కిమ్, డిమార్క్ అను మూడు ఏర్పాట్లు కలవు. మొదటిది మన టపా పంపదగిన సర్వరులను ప్రకటించును; రెండవది జాబుపై ముద్ర వేయును; మూడవది ఈ పరీక్షలలో తప్పిన జాబునేమి చేయవలెనో ఎదుటివారికి తెలుపును. ఇవి అంచెను మూయవు. మూసిన అంచెకు తోడుగా నుండును.

పరీక్ష తన సర్వరుపైననే, బయటి సంబంధమునుండి చేయవలెను. కార్యాలయమునుండి చేసినచో నమ్మిన యంత్రమగుటచే సర్వరు అన్నిటికిని తల యూపును. బయటినుండి 25వ పోర్టును చేరి, పంపువానిని, పొందువానిని ఇరువురను బయటివారినిగా పేర్కొనవలెను. 550 లేక 554 అని ప్రత్యుత్తరము వచ్చినచో తలుపు మూసియున్నది. 250 అని వచ్చినచో అనుమానింపవలెను. చౌర్యము జరిగియే యున్నచో ముందు టపా నాపి, రంధ్రము మూసి, పాస్‌వర్డులు మార్చి, వరుసలో నిలిచిన స్పామును తొలగించి, ఆ తరువాతనే నిషేధపట్టికలవారిని పేరు తీయుడని కోరవలెను. క్రమము తప్పినచో తీసిన పేరు మరల ఎక్కును.

జూను నెలలో బడి తెరచునప్పుడు హాజరుపట్టీలు క్రొత్తగా వ్రాయుట వాడుక. ఆ దినముననే సర్వరులోని పేర్ల పట్టికయు సరిచూచి, బయటినుండి ఒకమారు తలుపు తట్టి చూచుట అలవాటు చేసికొన్నచో, ఆండిపట్టినుండి బయలుదేరిన జాబు చేరవలసినవారికి చేరును.