కేంద్రము లేని జాలమున వస్తువు జాడ

పల్నాటి వీరుల ఆయుధములకు ‘కొణతములు’ అని పేరు. ఇవి అన్నియు ఒకే భాండాగారమున లేవు. పెక్కింటిని ఆచారవంతుల కుటుంబములు తమతమ ఊళ్లలోనే కాపాడుకొనుచున్నవి. కార్తిక అమావాస్యతో ఆరంభమగు ఉత్సవమునకు వానిని కార్యమపూడికి, నేటి వ్యవహారమున కారెంపూడికి, తెత్తురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను అయిదు దినములును చెదరియున్నవి నాగులేటి గట్టున ఒకచోట చేరును. తక్కిన దినములందు ఒక కొణతము జాడ కావలెనన్న ఒకరినుండి మరియొకరికి అడుగుచు పోవలసినదే.

కంప్యూటరు జాలములందును ఇదే సమస్య. 1999లో వెలసిన నాప్‌స్టర్‌లో పాటలు వాడుకరుల యంత్రములలోనే యుండెను. పట్టిక మాత్రము సంస్థ యొద్ద నుండెను. న్యాయస్థానపు ఉత్తర్వుల పిమ్మట 2001లో ఆ సేవ మూతపడగా, పాటలు ఎక్కడివక్కడ ఉండియు దొరకకపోయెను. 2000లో వచ్చిన గ్నుటెల్లా పట్టికను విడిచి దండోరా పద్ధతి నవలంబించెను: ప్రతి యంత్రము తన పొరుగువారినెల్ల అడుగును, వారు తమ పొరుగువారిని. చిన్న ఊరికి దండోరా చాలును. లక్షల యంత్రములున్నచోట ప్రశ్నల రొదయే జాలమును ముంచివేయును. కొంతదూరము పోయి దండోరా ఆగును గనుక ఉన్న వస్తువును దొరకకపోవచ్చును.

2001లో ప్రకటితములైన కోర్డ్, పేస్ట్రీ, టాపెస్ట్రీ, కాన్ అను పద్ధతులు దండోరాకు బదులు లెక్కను నమ్మినవి. కోర్డ్‌ను చూతము. వస్తువు పేరును ఒక గణితసూత్రము పెద్ద సంఖ్యగా మార్చును. యంత్రములకును అట్టి సంఖ్యలే కలవు. అవి ఒక వలయముపై వరుసగా నిలిచినవని భావింపవలెను. వస్తువు సంఖ్యవద్దనో, దాని తరువాతనో మొదట వచ్చు యంత్రమే ఆ వస్తువునకు బాధ్యత వహించును. ఏ యంత్రమునకును అన్నింటి జాడయు తెలియదు. వలయమున సగము దూరమున, పాతిక దూరమున, అందులో సగమున ఉన్న కొన్ని మాత్రమే తెలియును. ప్రశ్న నందుకొన్న యంత్రము, గమ్యమును దాటకుండ దానికి మిక్కిలి చేరువగా తానెరిగిన యంత్రమునకు దానిని పంపును. ప్రతి అంగకును మిగిలిన దూరము సగమో, అంతకు తక్కువో యగును. కావున 10 లక్షల యంత్రములున్నను సుమారు 20 అంగలలోపల జాడ తెలియును.

ఇచ్చట తెలుగువారు గమనింపవలసిన చిక్కు కలదు. సూత్రమునకు అక్షరములే గాని అర్థము తెలియదు. కార్యమపూడి, కారెంపూడి ఒకే ఊరని ఆచారవంతుడెరుగును; సూత్రమునకవి సంబంధము లేని రెండు చోటులు. అరసున్న గల బాలచంద్రుఁడు, లేని బాలచంద్రుడు వేర్వేరు యంత్రముల పాలగుదురు. 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించిన ‘పల్నాటి వీరచరిత్ర’ ద్విపద, అలిసెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లమున వెలువరించిన ‘పల్నాటి వీరుల కథ’ మనకు జ్ఞాతులు; వలయమున వానికి పొరుగుతనము లేదు. సగము పేరు చెప్పి వెదకుమనుటకును ఇందు వీలులేదు. ఆ పని, ఎంత రొదయైనను, దండోరాయే చేయగలదు.

కనుక పల్నాటి గాథల ధ్వనిముద్రణలను పలు గ్రంథాలయముల నడుమ ఇట్టి జాలమున నుంచదలచినచో, ప్రామాణిక నామావళి ముందు సిద్ధము కావలెను. అది యంత్రశాస్త్రజ్ఞుని పని కాదు, తెలుగు శాఖల పని. రూపాంతరములను ప్రామాణిక నామమునకు చూపు సూచికలుగా వలయముననే నిలుపవచ్చును. మరియొకటి: కోర్డ్ లెక్కను వస్తువునకే వర్తింపజేసినచో గురజాల ముద్రణ ఏ దూరదేశపు యంత్రమునకైనను అప్పగింపబడవచ్చును. టాపెస్ట్రీ పద్ధతియే నాకు మేలనిపించుచున్నది. అందు వస్తువు యజమాని యొద్దనే యుండును. దాని జాడను మాత్రము దారిలోని యంత్రములు గుర్తుంచుకొనును. అయితే ప్రతులు చేయించు భారము యజమానిపైననే పడును. ఒకే ప్రతి యుండి ఆ యంత్రము చెడినచో, జాలమందలి జాడలన్నియు శూన్యమునే చూపును.