పాత డాస్ ఆటలకు కొత్త కంప్యూటర్‌లో గొంతు



వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ ఆటల మీద వ్యాసమా అని కొందరికి అనిపించవచ్చు. పరీక్షల ముందు ఆటలేమిటని వార్డెన్ గారు కూడా అడగవచ్చు. ఇది ఆడుకోవడం గురించి కాదు, ఆగిపోయిన ఆటను నడిపించడం గురించి. మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి గ్రాడ్యుయేట్లం. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు దాన్ని కెలికి, చెడగొట్టి, మళ్ళీ బాగు చేసుకుని నేర్చుకున్నారు. మనం మాత్రం ‘ముట్టుకుంటే పాడవుతుంది’ అన్న భయంతో నోట్సు బట్టీ పట్టి నేర్చుకున్నాం. ఆ భయం పోవడానికి పాత డాస్ ఆట కంటే చౌకైన పాఠం మాకు కనిపించలేదు. దీనికి ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. ఒకసారి కావలసినవి తెచ్చుకుంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

డాస్ అంటే ఏమిటి?

1981లో ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. దాని మీద నడిచిన ఆపరేటింగ్ సిస్టమే డాస్. అందులో బొమ్మల మీద క్లిక్ చేయడం ఉండదు. నల్లటి తెర మీద ఆదేశం టైప్ చేసి ఎంటర్ కొట్టాలి, అంతే. ప్రిన్స్ ఆఫ్ పర్షియా (డాస్ మీదికి 1990లో వచ్చింది), వుల్ఫెన్‌స్టీన్ 3డీ (1992), డూమ్ (1993) ఆ కాలపు పేరున్న ఆటలు. 1.44 ఎంబీ పట్టే ఫ్లాపీల మీద ఇవి చేతులు మారేవి.

ఇప్పటి కంప్యూటర్‌లో వీటిని తెరిస్తే సాధారణంగా మూడు రకాల ఇబ్బందులు వస్తాయి. అసలు తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా పిచ్చివేగంతో పరుగెత్తడం, అన్నీ బాగున్నా శబ్దం రాకపోవడం. ఒక్కొక్కదానికి కారణం చూద్దాం.

ఎందుకు తెరుచుకోదు?

డాస్ ఆటల్లో ఎక్కువ భాగం 16 బిట్ పద్ధతిలో రాసినవి. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు లేదు. 2021లో వచ్చిన విండోస్ 11 అయితే 64 బిట్‌లో మాత్రమే దొరుకుతుంది. కాబట్టి ‘ఈ యాప్ మీ కంప్యూటర్‌లో నడవదు’ అని వస్తే అది మీ తప్పూ కాదు, ఫైలు పాడవడమూ కాదు.

ఎందుకు పరుగెత్తుతుంది?

ఐబీఎం తొలి పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్ కూడా వేల మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. కొన్ని పాత ఆటలు గడియారం చూడకుండా ప్రాసెసర్ వేగాన్నే కొలమానంగా పెట్టుకున్నాయి. అది వేగంగా నడిస్తే ఆటలోని మనిషీ అంత వేగంగా పరుగెత్తుతాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. బోర్లాండ్ పాస్కల్‌లో రాసిన చాలా ప్రోగ్రాములు వేగమైన ప్రాసెసర్ మీద ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని చెప్పి ఆగిపోతాయి. మొదలవగానే కంప్యూటర్ వేగాన్ని లెక్కించడానికి అవి ఒక భాగహారం చేస్తాయి. కంప్యూటర్ మరీ వేగంగా ఉంటే వచ్చే భాగఫలం దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టదు. ప్రాసెసర్ దాన్ని తప్పుగా భావించి పనిని ఆపేస్తుంది. యంత్రం చెడిపోయి కాదు, యంత్రం బాగా ఉండబట్టే ఆగిందన్నమాట!

శబ్దం ఎందుకు రాదు?

తొలి పీసీలో ఉన్నది బీప్ బీప్ మనే చిన్న స్పీకర్ మాత్రమే. 1987లో యాడ్‌లిబ్ అనే సంగీతపు కార్డు వచ్చింది. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. యాడ్‌లిబ్ సంగీతంతో పాటు మనిషి గొంతు, తుపాకి మోత కూడా ఇది వినిపించేది.

శబ్దం చేయించే సేవ డాస్‌లో లేదు. అందుకే ప్రతి ఆటా కార్డుతో నేరుగా మాట్లాడుకోవాల్సి వచ్చేది. అలా మాట్లాడటానికి మూడు అంకెలు కావాలి. మన హాస్టల్ లెక్కలో చెప్పుకుంటే సులభంగా అర్థమవుతుంది.

మొదటిది పోర్టు అడ్రసు, సాధారణంగా 220. ఇది గది నంబరు వంటిది. ఆట తన ఆదేశాలను ఈ గదికి పంపుతుంది.

రెండవది ఐఆర్‌క్యూ, సాధారణంగా 5 గానీ 7 గానీ. ఇది మెస్ గంట వంటిది. ఇచ్చిన శబ్దం ముక్క వాయించడం అయిపోగానే ‘తర్వాతిది పంపు’ అని కార్డు ఈ గంట కొడుతుంది.

మూడవది డీఎంఏ, సాధారణంగా 1. బియ్యం బస్తాలు వార్డెన్ గారి చేతుల మీదుగా కాకుండా లారీ నుంచి నేరుగా స్టోర్ రూమ్‌లోకి దిగినట్టు, శబ్దపు డేటా ప్రాసెసర్ మోయకుండానే మెమరీ నుంచి కార్డుకు చేరే దారి ఇది.

ఈ మూడింట్లో ఏది తప్పినా శబ్దం రాదు. గంట నంబరు తప్పుగా ఇస్తే మొదటి ముక్క వినిపించి అక్కడే ఆగిపోవచ్చు, లేదా అదే ముక్క పదే పదే మోగవచ్చు. ఇప్పటి కంప్యూటర్లలో హెచ్‌డీ ఆడియో అనే వేరే పద్ధతి ఉంది. ఆ 220 నంబరు గదిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆట తలుపు తట్టి తట్టి ‘కార్డు కనబడలేదు’ అంటుంది. పాత కార్డే తెచ్చి పెడదామంటే దానికి సరిపోయే ఐఎస్‌ఏ స్లాటు కొత్త మదర్‌బోర్డుల మీద లేదు.

పరిష్కారం: డాస్‌బాక్స్

డాస్‌బాక్స్ 2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. ఇది మన కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. 220 గదిలో కూర్చుని సౌండ్ బ్లాస్టర్ లాగా జవాబిస్తుంది. ఆట చెప్పింది విని, ఆ శబ్దాన్ని లెక్కగట్టి, విండోస్‌కో లైనక్స్‌కో అందిస్తుంది. ఆటకు తేడా తెలియదు. చేయవలసిన పని ఇది (ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి):

1. డాస్‌బాక్స్‌ను ఇన్‌స్టాల్ చేయండి.
2. డి డ్రైవ్‌లో గేమ్స్ అనే ఫోల్డరు చేసి ఆట ఫైళ్ళు అందులో పెట్టండి. పేర్లు ఎనిమిది అక్షరాలు దాటకుండా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. అది డాస్ నియమం.
3. డాస్‌బాక్స్ తెరిచి ‘మౌంట్ సి డి:\గేమ్స్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఆ ఫోల్డరు డాస్‌కు సి డ్రైవ్‌గా కనిపిస్తుంది.
4. ‘సి:’ అని కొట్టి, ‘డిర్’ అని కొడితే ఫైళ్ళ జాబితా వస్తుంది.
5. సెటప్ అనే ఫైలు ఉంటే ముందు దాన్ని నడపండి. సౌండ్ బ్లాస్టర్‌ను ఎంచుకుని 220, 7, 1 ఇవ్వండి. డాస్‌బాక్స్ ముందుగా పెట్టుకున్న అంకెలు ఇవే.
6. ఇప్పుడు ఆట పేరు కొట్టి ఎంటర్ నొక్కండి.

వేగం ఎక్కువైతే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే తగ్గుతుంది, కంట్రోల్, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. తెర నిండా కావాలంటే ఆల్ట్, ఎంటర్. ఆటలో చిక్కుకున్న మౌస్ బయటకు రావాలంటే కంట్రోల్, ఎఫ్10. తుపాకి మోత వస్తూ సంగీతం రాకపోతే సెటప్‌లో సంగీతానికి జనరల్ మిడి బదులు యాడ్‌లిబ్ గానీ సౌండ్ బ్లాస్టర్ గానీ ఎంచుకోండి. శబ్దం చిటపటలాడితే వేగం కొంచెం తగ్గించి చూడండి. మన కంప్యూటర్ మోయలేనంత వేగం అడిగినప్పుడే చాలాసార్లు అలా అవుతుంది.

ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి. మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

ఆటలు ఎక్కడివి? డూమ్ మొదటి భాగాన్ని 1993లోనే ఉచితంగా పంచుకోవడానికి ఇచ్చారు. దానితో మొదలుపెట్టవచ్చు. పాతవి కదా అని అన్నీ ఉచితం కావు. చాలావాటికి హక్కుదారులు ఉన్నారు, కొన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు.

తెలుగుతో సంబంధం

ఇది ఆటలతో ఆగే విషయం కాదు. డాస్ కంప్యూటర్లలో భారతీయ లిపులు కనిపించడానికి పుణెలోని సీ-డాక్ సంస్థ జిస్ట్ కార్డు తయారుచేసింది. కంప్యూటర్ లోపల ఆ కార్డు పెడితేనే అక్షరాలు తెర మీద కనిపించేవి. కార్డు పోతే ఫైలు ఉన్నా చదివేవాడు లేడు. అదృష్టవశాత్తు ఆ అక్షరాల కోడుకు 1991లో ఇస్కీ అనే జాతీయ ప్రమాణం వచ్చింది. ఆ కోడు పట్టిక ఉంది కాబట్టి అలాంటి ఫైళ్ళను నేటి యూనికోడ్‌లోకి మార్చవచ్చు. ఆటకు గొంతు తెప్పించడానికి చేసిన పనే ఇక్కడా చేయాలి: పాతది ఏ భాషలో మాట్లాడుతోందో తెలుసుకుని, కొత్తదానికి అర్థమయ్యేలా చెప్పాలి.

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ఇళ్ళలో అటకల మీద పాత ఫ్లాపీలు ఉంటే పారేయకండి. ఎండ, తేమ తగలకుండా ఉంచి, ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తీసుకురండి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవుతో వాటిని కాపీ చేసి చూద్దాం. ఎన్ని తెరుచుకుంటాయో చెప్పలేం గానీ, ప్రయత్నించేటప్పుడు తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటాం. మౌస్ మాత్రం వాళ్ళ చేతికే ఇస్తాం.