ఉక్కు మీద పుట్టుపూర్వోత్తరాలు

రైఫిల్ పొట్టిదైతే దాని చివర తగిలించే కత్తి పొడుగ్గా ఉండాలి. 1907 నమూనా బాయొనెట్ పుట్టింది ఈ అవసరం నుంచే.

పదాతికీ గుర్రపు దళానికీ ఒకే తుపాకీ సరిపోవాలని 1903లో బ్రిటిష్ సైన్యం లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టాన్ని అయిదంగుళాలు తగ్గించింది. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాల పాటు కనిపించిన ‘త్రీ నాట్ త్రీ’ ఈ కుటుంబానిదే. అప్పటికి దాని బాయొనెట్ అలుగు 12 అంగుళాలు. పొడవాటి రైఫిళ్లున్న శత్రువు ఎదురుపడితే తమ పోటు అందదని సైనికాధికారులు కలవరపడ్డారు. జపాన్ సైన్యం వాడుతున్న టైప్ 30 బాయొనెట్‌ను చూసి, ఆ పద్ధతిలో 17 అంగుళాల అలుగుతో కొత్తది చేయించారు. బిగిస్తే రైఫిల్ పొడవు అయిదడుగులు దాటుతుంది.

బిగింపులోనూ మంచి ఇంజనీరింగ్ ఉంది. బాయొనెట్ బరువు గొట్టం మీద పడితే గురి మారుతుంది. అందుకే పిడికీ అలుగుకూ మధ్యనున్న అడ్డుపట్టీలోని ఉంగరాన్ని గొట్టానికి కాకుండా, దాని కింద ఉన్న చిన్న బొడిపెకు తొడుగుతారు. పిడి చివరి గాడి రైఫిల్ మూతి కిందున్న కడ్డీ మీదికి జారి, స్ప్రింగు మీటతో బిగుసుకుంటుంది.

ఇలాంటి పాత బాయొనెట్ మీ చేతికొస్తే ముందుగా పిడి దగ్గర, అలుగు మొదట్లో ఉన్న చదును భాగం చూడండి. ఒకవైపు కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, 1907 అనే నమూనా సంవత్సరం, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు పేరు ఉంటాయి. 1907 చూసి అదే తయారైన ఏడనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 10 ’17 అని ఉంటే అది 1917 అక్టోబరులో తయారైంది. విల్కిన్సన్, శాండర్సన్ పేర్లు తరచుగా, వికర్స్ పేరు అరుదుగా కనిపిస్తాయి. రెండోవైపు బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. ఇంటూ గుర్తు ఉంటే, అలుగును వంచి చూసినా మళ్లీ తిన్నగా నిలిచిందని అర్థం.

తర్వాత ఆకారం చూడాలి. తొలి బాయొనెట్లలో అడ్డుపట్టీ ఒక కొస కొక్కెంలా వంగి ఉండేది. 1913లో దాన్ని తీసేశారు. వాడుకలో ఉన్న చాలావాటికి కూడా కోసేశారు. కొక్కెం ఉన్నవి అరుదు కాబట్టి ధర ఎక్కువ, అందుకే అతికించిన నకిలీలూ ఉన్నాయి. 1916 తేదీ ఉన్న దానికి కొక్కెం కనిపిస్తే అనుమానించాల్సిందే. పిడి కొసన మురికి తోసేసే రంధ్రం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చింది. పాతవాటికీ తర్వాత తొలిచారు గనుక, 1912 నాటి అలుగుకు రంధ్రం ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు. పిడి చెక్క మీద అడ్డంగా రెండు లోతైన గాళ్లుంటే మాత్రం అది 1907 నమూనా కాదు. వేరే రైఫిళ్ల కోసం చేసిన 1913 నమూనా గానీ, అమెరికా 1917 నమూనా గానీ అయివుంటుంది.

బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆర్.ఎఫ్.ఐ. ముద్రతో 1907 నమూనా బాయొనెట్లను తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో పొడవాటి అలుగులను 12 అంగుళాలకు కోశారు. అలుగు మీది గాడి మొన దాకా సాగితే అది కోసినది. మొనకు ముందే ఆగితే, లేదా అసలు గాడే లేకపోతే, పొట్టిగానే పుట్టింది.

బాయొనెట్లు మన చరిత్రలోనూ ఉన్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ నుంచి తీసుకెళ్లిన ఆయుధాల్లో అవీ ఉన్నాయి. ఒక అలుగు ఎక్కడ పుట్టి, ఎవరెవరి చేతులు మారిందో తేల్చడానికి దాని మీది ముద్రలే తొలి సాక్ష్యం. తుప్పు వదిలించాలని గరుకు కాగితంతో రుద్దితే, సానబట్టి తళతళలాడిస్తే, ఆ సాక్ష్యం చెరిగిపోతుంది, మళ్లీ రాదు. కాబట్టి మెత్తని గుడ్డతో పలచగా నూనె రాయండి, ముద్రలన్నిటినీ ఫొటో తీసి పెట్టుకోండి. అంతకుమించి ఉక్కును ముట్టుకోకండి.