కుంచము చెప్పు ఊరి చరిత్రము

ఊరి చరిత్రమును పిల్లలకు నేర్పుటకు తగిన పుస్తకమేదియని ఉపాధ్యాయులు మమ్ము అడుగుచుందురు. పుస్తకము లేకున్నను కుంచము కలదు. రైతుసోదరుల యిండ్లలో అటుకలపై దుమ్ముపట్టియున్న ఆ పాత్రను దింపి బడిపిల్లల చేతి కిచ్చినచో, రాజుల వంశావళి చెప్పలేని సంగతులు పెక్కు తెలియును.

ఒక గ్రామమున విత్తనశుద్ధి చేసి చూపునపుడు మే మట్టి కుంచమును వాడితిమి. చుట్టుచేరిన బాలురలో ఒకడు దానిని పూలమొక్కల తొట్టి యనెను! అచట నున్న వృద్ధుడొకరు నవ్వి, ధాన్యము నించి కొలిచి చూపిరి. మొదటి కుంచమునకు ‘ఒకటి’ యనక ‘లాభము’ అనిరి. ఆరు దాటిన పిమ్మట ‘ఏడు’ అనక ‘ఆరున్నొకటి’ అనిరి. కళ్లములో ఏడుపుమాట వినబడరాదని పెద్దల పట్టింపు. పిల్లలు మొదట నవ్విరి. పిదప, ఏడువవలసిన అవస్థ ఎందుకు వచ్చెడిదని ఒక బాలిక అడిగెను. మేము కోరునది ఇట్టి ప్రశ్ననే.

ముందుగా లెక్క నేర్పవలెను. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. అనగా పుట్టికి 80 కుంచములు, 320 మానికలు. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. ఐతే ఈ పేర్లు ఒకటైనను, పరిమాణము సీమకొక రీతిగ నుండెడిది. కావున పొరుగూరి కుంచమును గూడ తెప్పించి, రెంటిని నించి తూచవలెను. 1956 వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము ఎందుకు కావలసివచ్చెనో అప్పుడు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ చట్టముననుసరించి 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాములు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. కోనసీమలో మాత్రము పది సెంట్ల నేలను కుంచమనుట నేటికిని వినవచ్చును.

తరువాత, అంచునకు సరిగా గీసి ఒకమారు, గోపురముగా పోసి ఒకమారు కొలిపింపవలెను. రెంటి భేదమును పిల్లలే తూచి వ్రాసికొందురు. అప్పిచ్చునపుడు గీసి కొలిచి, తిరిగి పుచ్చుకొనునపుడు పోసి కొలిచిన షావుకార్ల కథ లేని పల్లె అరుదు. ఆ పిడికెడు గింజల భేదము పుట్టికి 80 మారులు పడుచుండెను. అధికవడ్డీ బాధ నుండి రైతును తప్పించుటకై 1904 లో పరపతి సంఘముల చట్టము వచ్చెనని పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి తావు లేదు. మన సంఘము ఏల యున్నదో మన సభ్యుల పిల్లలకే తెలియకుండుట మాకు కొంత చిన్నతనముగ తోచుచున్నది.

ఇంకొక సంగతి. ఈ పాత్రను గూర్చి భూస్వామి యింట ఒక కథ, పాలికాపు యింట మరియొక కథ వినబడును. కళ్లములో వడ్రంగికి, కమ్మరికి, చాకలికి మేరలు కొలిచి యిచ్చెడివారు. కొలిచినవా రెవరు? చేటపట్టుకొని నిలిచినవా రెవరు? కుంచమును తాకనీయబడని వారెవరు? అన్ని పేటల ముసలివారిని అడుగుటకు పిల్లలను పంపవలెను. వినుటకు కష్టముగ నుండు మాటలు వచ్చినచో వానిని తుడిచివేయరాదు.

ఇంత జరిగిన పిమ్మటనే మ్యూజియమునకు తీసికొనిపోవుట మేలు. మేము చదివిన మిషను బడిలో ఆనకట్ట సంవత్సరములు కంఠస్థము చేసితిమిగాని, మా పొలమునకు వచ్చు నీరు దానిదేయని ఎవరును చెప్పలేదు. ధవళేశ్వరమున కాటను మ్యూజియములో ఆనకట్ట పనికి వాడిన యంత్రసామగ్రి కొంత యున్నది. 1847 లో మొదలై 1852 లో ముగిసిన ఆ కట్టడము ఊరి పుట్ల లెక్కను ఎట్లు మార్చెనో, కుంచమును చేతపట్టిన బాలుడు తానే అడుగును. అద్దపు పెట్టెలను వరుసగా చూపుచు పరుగెత్తించుట వలన కాళ్లనొప్పులే ఫలము.

ఈలోగా పాతసామానుల బండ్లు వీధులలో తిరుగుచునే యున్నవి. మాయింటి ఇత్తడి తవ్వను మేమే అట్లు తూచి అమ్ముకొంటిమి; అది మా తాతగారిదని తరువాత మా మేనత్త చెప్పిరి. గిద్దను, సోలను చూచి పోల్చగల వృద్ధులు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. కాబట్టి ప్రతి సంఘమును తన గిడ్డంగిలో ఒక మూల, చెదలు తగులని బల్లపై, ఇట్టి వస్తువులకు చోటీయవలెనని కోరుచున్నాము. కుంచము, మానిక, గొర్రు, జడ్డిగము, ఏతపు బాన, ఏదైనను సరియే. ఇచ్చినవారి పేరు, అది ఏ పనికి వాడబడెనో, ఎవరు చెప్పిరో ఒక చీటీపై వ్రాసి కట్టవలెను. ఆ చీటీలను పిల్లలచేతనే వ్రాయింపుడు. ఇత్తడి కొలపాత్రలను చింతపండుతో తోమరాదు. కొన్నిటిపై పాత ముద్రలుండును, అవి అరిగిపోవును. పొడిగుడ్డతో తుడిచిన చాలును.