చిన్న గొంతు, పెద్ద వేదిక

ముందు వేదిక మీదికి ఒక చిన్న పీట వస్తుంది. జానెడు ఎత్తుండే మడతపీట. ఎడమ పాదం దానిమీద ఆనించి, గిటారు నడుము వంపును ఎడమ తొడమీద కూర్చోబెట్టుకుని సర్దుకుంటారు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. వెనక నిండు ఆర్కెస్ట్రా. ఎదురుగా న్యాయనిర్ణేతలు. నెత్తిన కాగే దీపాలు. మొహం దాకా వచ్చిపోయే కెమెరా. ఇంత హంగామా మధ్య ఆ చేతుల్లో ఉన్నది మాత్రం పక్కగదిలోకి వినపడితే గొప్ప అనిపించేంత మెత్తటి వాయిద్యం.

క్లాసికల్ గిటారుకు కరెంటు తీగ ఉండదు. ప్లాస్టిక్ ముక్కతో మీటరు. ఆరు తీగలు, అందులో మూడు ఉత్త నైలాన్. వాటిని పలికించేది వేలి కొస, దానికి అంటిపెట్టుకున్న గోరు. అంతే. దాన్ని పట్టుకుని దేశమంతా చూస్తుండగా పోటీకి దిగడానికి ఎంత గుండెధైర్యం కావాలో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

టీవీలో సంగీతం పోటీ అనగానే మనకు గొంతులే గుర్తొస్తాయి. 1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టాక తెలుగిళ్లలో ఒక తరం పిల్లలు మైకు పట్టుకోవడం నేర్చుకున్నారు. అది చిన్న మేలు కాదు. కానీ ఆ వేదికల మీద వయొలినైనా, వేణువైనా, తబలా అయినా పాటకు తోడుగా పక్కన కూర్చునేవే. వాయించే పిల్లలే నడిమధ్యకొచ్చి కూర్చునే పోటీ చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి.

‘బీబీసీ యంగ్ మ్యూజిషియన్’ 1978లో మొదలైంది. రెండేళ్లకోసారి జరుగుతుంది. పద్దెనిమిదేళ్లు దాటకూడదు. అక్కడ పాట ఉండదు, వాయిద్యమే. తీగవాయిద్యాలు, పియానో వంటి మెట్ల వాయిద్యాలు, వేణువు వర్గం, ఇత్తడి బాకాల వర్గం. 1994లో తాళవాయిద్యాలూ చేరాయి. చివరి రోజున పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి ఒక కన్చెర్టో, అంటే ఒక్క వాయిద్యం ముందు నడిచే స్వరరచన, వాయించాలి. మొదటి విజేత ట్రాంబోన్ వాయించిన మైకేల్ హెక్స్ట్. 2002లో వయొలిన్‌తో జెన్నిఫర్ పైక్, 2008లో ట్రాంబోన్‌తో పీటర్ మూర్ పన్నెండేళ్లకే గెలిచారు. 2016లో గెలిచిన చెల్లో కుర్రాడు షేకు కానే మేసన్ ఇవాళ ప్రపంచమంతా తిరుగుతున్నాడు.

1978 నుంచి 2024 దాకా విజేతలు 24 మంది. పియానో ఉంది, వయొలిన్ ఉంది, చెల్లో, క్లారినెట్, ఓబో, ఫ్రెంచ్ హార్న్, డప్పులూ గంటలూ అన్నీ ఉన్నాయి. గిటారు లేదు. ఒక్కసారి కూడా లేదు.

పిల్లల్లో ప్రతిభ తక్కువై కాదు. మొదటి కారణం అందరికీ తెలిసిందే, చప్పుడు. నలభై వయొలిన్లు లేస్తే గిటారు మునిగిపోతుంది. రెండోది బడి. ఇంగ్లండ్ కన్న గొప్ప గిటారు విద్వాంసుడు జూలియన్ బ్రీమ్ చిన్నతనంలో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరినప్పుడు అక్కడ గిటారు పాఠమే లేదు. పియానో, చెల్లో నేర్చుకున్నాడు. గిటారును ఇంటి దగ్గరే పెట్టి రమ్మన్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాన్ విలియమ్స్‌కూ అదే అనుభవం. ప్రపంచం మెచ్చబోయే గిటారు చేతులతో ఆ కాలేజీలో పియానో చదువుకున్నాడు. చదువు ముగియగానే అక్కడ గిటారు శాఖను మొదలుపెట్టే పని అతనికే అప్పజెప్పారు. అంటే వయొలిన్‌కు శతాబ్దాల గురుపరంపర ఉంటే, అదే భవనంలో గిటారుకు తలుపు తెరుచుకున్నది నిన్నగాక మొన్న. విజేతల జాబితా చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ పిల్లల చేతుల దగ్గరికి వద్దాం. నాకు ఆసక్తి అంతా అక్కడే.

కుడిచేతి గోళ్లు పెరగాలి, ఎడమచేతి గోళ్లు చర్మానికంటా కత్తిరించాలి. కుడిచేతి గోటిని ఏ వంపుకు అరగదీశారన్న దాన్ని బట్టి ఆ మనిషి నాదం ఉంటుంది. సన్నరకం గరుకు కాగితంతో రోజూ రుద్దుతారు, ఎందుకంటే గోటి అంచున కంటికి కనపడని గీరు ఉన్నా తీగ బొంగురుగా పలుకుతుంది. అలాంటి గోరు పోటీ ముందురోజు కారు తలుపులోనో సంచి జిప్పులోనో పడి విరిగితే? టేబుల్ టెన్నిస్ బంతిని ముక్కగా కత్తిరించి, గోటి కింద జిగురుతో అతికించుకుంటారు. ఇది గిటారు లోకంలో అందరికీ తెలిసిన చిట్కా. వయొలిన్ కుర్రాడికి కమాను విరిగితే ఇంకోటి అరువు దొరుకుతుంది. గోరు అరువు దొరకదు.

తీగలది మరో కథ. పాతకాలంలో అవి గొర్రె పేగుల నుంచి వచ్చేవి. రెండో ప్రపంచయుద్ధంలో పేగుతీగ అంతా గాయాలకు కుట్లు వేయడానికి పోయింది, గిటారుకు కరువొచ్చింది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే గిటారు తయారీదారు నైలాన్‌తో ప్రయత్నించాడు, స్పెయిన్ విద్వాంసుడు అంద్రెస్ సెగోవియా వాయించి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి నైలానే. ఇది చవక, గట్టిది, కానీ మాట వినేది కాదు. కొత్త తీగ శ్రుతిలో కుదురుకోవడానికి రోజులు పడుతుంది. స్టూడియో దీపాల వేడికి మళ్లీ సాగి శ్రుతి జారుతుంది. అందుకే ఆ పిల్లలు ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య, దగ్గుల చాటున, ఒక బిరడాను వెంట్రుకవాసి తిప్పుతుంటారు. 2000 బీబీసీ పోటీ ఫైనల్లో గై జాన్‌స్టన్ అనే కుర్రాడు షోస్టకోవిచ్ కన్చెర్టో వాయిస్తుండగా మొదటి భాగంలోనే చెల్లో తీగ తెగింది. లోపలికి వెళ్లి కొత్త తీగ బిగించుకుని వచ్చి, మళ్లీ మొదలుపెట్టి, గెలిచాడు. ఆ ధైర్యానికి నేను ఎన్నిసార్లయినా చప్పట్లు కొడతాను. గిటారు మీద అదే జరిగితే మాత్రం, అప్పుడే బిగించిన నైలాన్ తీగ పది నిమిషాల్లో పదిసార్లు జారి ఉండేది.

పోటీల్లో గిటారు పిల్లలు తరచూ ఎత్తుకునే విద్య ట్రెమొలో. బొటనవేలు కింది స్వరాన్ని మోగిస్తుంది, వెంటనే ఉంగరపు వేలు, నడిమివేలు, చూపుడువేలు ఒకే తీగను వరసగా తాకుతాయి. మళ్లీ బొటనవేలు. ఇదే చక్రం, నిమిషాల తరబడి. మీటగానే చచ్చిపోవడం గిటారు స్వరం లక్షణం. కమానుతో సాగదీయడానికి లేదు, ఊదడానికి లేదు. అలా చచ్చే స్వరాన్ని చావకముందే మళ్లీ మళ్లీ పుట్టించి, ఆగని ధార అన్న భ్రమ కల్పించడమే ట్రెమొలో. 1852లో పుట్టిన ఫ్రాన్సిస్కో తర్రెగా గ్రనాడాలోని అల్హాంబ్రా కోట జ్ఞాపకంగా కట్టిన స్వరరచన దీనికి పెట్టింది పేరు. వినేవాళ్లకు నీటి చప్పుడులా ఉంటుంది. వాయించేవాళ్లకు ఉంగరపు వేలు ఏమాత్రం బలహీనపడినా ఆ ధార కుంటుతుంది, టీవీలో ఆ కుంటు దాచడానికి ఏమీ ఉండదు.

ఫైనల్ అంటే ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా, గిటారు అంటే ముందుగా నోటికొచ్చే పేరు అరన్‌హ్వేస్ కన్చెర్టో. రాసినవాడు హొవాకిన్ రొద్రీగో. మూడేళ్ల వయసులో చూపు పోయింది, బ్రెయిలీలో స్వరాలు రాసుకునేవాడు, విచిత్రం ఏమంటే ఆయనకు గిటారు వాయించడం రాదు, పియానో మనిషి. 1939లో పారిస్‌లో పూర్తిచేశాడు. 1940 నవంబర్ 9న బార్సిలోనాలో రెహీనో సాయిన్స్ దె లా మాసా మొదటిసారి వాయించాడు. రొద్రీగో గొప్పతనం నాకు కనిపించేది ఆయన ఏం రాశాడో దానిలో కాదు, ఎక్కడ రాయకుండా ఆగాడో దానిలో. గిటారు మాట్లాడుతుంటే ఆర్కెస్ట్రా దాదాపు ఊపిరి బిగబడుతుంది. రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ ఒంటరిగా ఒక విషాదపు వరస ఎత్తుకుంటే, గిటారు కింద మెల్లగా తీగలు మీటుతూ కూర్చుంటుంది, దుఃఖంలో ఉన్న మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చునే చుట్టంలా. తర్వాత అదే వరసను తన గొంతులో చెబుతుంది. గిటారుకు తగ్గట్టు ఆర్కెస్ట్రాను కుదించాడు రొద్రీగో. పోటీలేమో ఆర్కెస్ట్రాకు తగ్గట్టు గిటారు పెరగాలంటాయి. గిటారు పిల్లలకు జరిగే అన్యాయం ఇదేనని నా నమ్మకం. గట్టిగా వాయించాలన్న ఆత్రంలో గోరు తీగను చరుస్తుంది, నాదం పగులుతుంది, ఏ మెత్తదనం కోసం ఆ వాయిద్యాన్ని ప్రేమించారో అదే ముందు పోతుంది.

అయితే టీవీకి ఒక పుణ్యం ఉంది. హాలులో ఇరవయ్యో వరసలో కూర్చున్న వాళ్లకు అందని గిటారు, మైకు పుణ్యాన ఇంట్లో మంచం మీద కూర్చున్న వాళ్లకు చెవి పక్కనే పలుకుతుంది. పియానో, బాకాలు హాలు కోసం పుట్టాయి. గిటారు గది కోసం పుట్టింది. టీవీ ఉన్నదీ గదిలోనే. ఆ మైకు మొహమాటపడదన్నది కూడా నిజమే. ఎడమచేతి వేళ్లు లోహం చుట్టిన లావు తీగల మీద జారినప్పుడు వచ్చే కీచు, మెట్టు సరిగ్గా అదమని చోట వచ్చే జర్రు, అన్నీ పట్టిస్తుంది. పట్టించనీ. మనిషి వేళ్లు కర్రమీద చేసే పని వినడమే కదా దీని అందం. బీబీసీ రేడియో తన ‘న్యూ జనరేషన్ ఆర్టిస్ట్స్’ పథకంలోకి 2012లో మొదటిసారి ఒక గిటారు విద్వాంసుణ్ని, ఎడిన్‌బరాలో పుట్టిన షాన్ షీబేను తీసుకుంది. చెవి దగ్గర పెట్టి వినిపించే మాధ్యమం నుంచే ఆ పిలుపు రావడం నాకు సహజంగా తోచింది.

పెద్ద వేదిక మీద చిన్న గొంతు పడే ఈ బాధ తెలుగువాళ్లకు కొత్త కాదు. మన వీణదీ ఇదే గొంతు, ఇవే గోళ్లు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి చేసే వీణ ఇంట్లో పలికితే వసారా దాకా వస్తుంది, కచేరీ హాలులో పెడితే మృదంగం కింద నలుగుతుంది. కాకినాడ చిట్టిబాబు, ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి తరంలోనే వీణకు కాంటాక్ట్ మైకు పెట్టొచ్చా, నాదం చెడుతుందా అన్న వాదన నడిచింది. పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌ను విద్యుత్ వాయిద్యంగా మార్చుకుని ఆ చిక్కును తనకు తాను తెంచుకున్నాడు. పల్లకీలాంటి వేదిక మీద పాటే ఊరేగుతుంటే, ఇంట్లో రోజూ రెండు గంటలు వీణ సాధన చేసే పిల్ల ఎవరికి వినిపించాలి? మన చానళ్లలో ఏదో ఒకటి, ఒక్క సీజనన్నా, వాయించే పిల్లల కోసం పెట్టాలి. వీణ, వేణువు, నాదస్వరం, గిటారు, ఏదైనా సరే. దానికి పెద్ద సెట్టు అక్కర్లేదు. మంచి మైకు ఒకటి, ఆగి వినే న్యాయనిర్ణేతలు ముగ్గురు చాలు.

బ్రిటన్‌లో ఆ జాబితాలో గిటారు పేరు ఎప్పుడు చేరుతుందో గానీ, ప్రతిసారీ ఎవరో ఒకరు మడతపీట తెచ్చుకుంటూనే ఉంటారు. చివరి స్వరం మీటాక చెయ్యి గాలిలోనే ఆగుతుంది. స్వరం సన్నగిల్లి కర్రలోకి ఇంకిపోయేదాకా ఆ చెయ్యి కదలదు, కదిలితే చప్పట్లు పడతాయి, చప్పట్లు పడితే ఆ చివరి తునక పోతుంది. అప్పుడు లేచి వంగి దండం పెడతారు. తెర వెనక్కి వెళ్లి, ఎవరైనా పలకరించేలోపే, కుడిచేతిని దీపం కిందికి చాపి ఉంగరపు వేలి గోరు చూసుకుంటారు.